రెండు మీటర్ల మధ్య తేడా

హెబ్బగోడి చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో ప్రెషర్ మీటర్ మొరాయించిందంటే మునిరాజుకే కబురు. ఇరవై ఆరేళ్లుగా అదే పని. సరిచేసిన మీటరుకు తన పేరున్న స్టిక్కర్ అంటిస్తాడు. అది చూశాక ఎవరూ మారు మాట్లాడరు. ఆ పేరంటే ఆయనకు ప్రాణం, కాస్త పొగరు కూడా.

జరీనా ఓ చిన్న కంపెనీలో ఇంజనీరు. అంతరిక్షంలో మనుషులుండే ఊరికి నమూనాగా మనిషెత్తు డ్రమ్ము చేయించింది. అది గిర్రున తిరుగుతుంటే లోపలివాళ్లకు అంచే నేలవుతుందట. నడుమ ఒక మీటరు, అంచున ఒకటి పెట్టి, సరిచూడమని మునిరాజుకు అప్పగించి మీటింగుకు వెళ్లింది.

ఆగి ఉన్నప్పుడు రెండూ ఒకటే చూపించాయి. తిప్పగానే కంప్యూటర్ తెర మీద నడిమిది తగ్గింది, అంచుది పెరిగింది. మూత బిగించిన ఒక్క డ్రమ్ములో రెండు ప్రెషర్లేమిటని మునిరాజుకు చిరాకెత్తింది. అదురుకు అంచు మీటరు చెడిందనుకున్నాడు. అడిగితే చిన్నతనమని ఎవరినీ అడగలేదు. తిరుగుతుండగానే కంప్యూటర్లోంచి దాన్ని 540 పాస్కల్స్ తగ్గించి నడిమిదానితో కలిపేశాడు. ఆ అంకె నోట్‌బుక్కులో రాసుకుని, డ్రమ్ము ఆపి, మళ్లీ అంకెల వైపు చూడకుండానే స్టిక్కర్లు అంటించి దర్జాగా వెళ్లిపోయాడు.

మర్నాడు ప్రాజెక్టు ఉంచాలో తీసేయాలో తేల్చడానికి ముగ్గురు పెద్దలు వచ్చారు. డ్రమ్ము తిరిగితే గాలి కూడా అంచుకు ఒత్తుకుపోతుందనీ, నడుమ పలచబడుతుందనీ, పెద్ద ఊరిలో అయితే నడుమ పనిచేసేవాళ్లకు ఆయాసం రావచ్చనీ జరీనా వివరించింది. డ్రమ్ము పూర్తి వేగం అందుకున్నాక తెర వెలిగించింది. రెండు అంకెలూ ఒక్కటిగానే ఉన్నాయి. తెర ఆర్పి మళ్లీ వెలిగించింది. మళ్లీ అంతే. పెద్దలు లెక్క ఇంకోసారి చూసుకోమని చెప్పి లేచారు.

జరీనా రమ్మంటే వచ్చి మూలన నిలబడ్డ మునిరాజుకు తను చేసిన తప్పు అప్పుడు అర్థమైంది.

"నా లెక్కే తప్పేమో అంకుల్," అంది జరీనా. "మీటర్లకు మీ స్టిక్కర్ ఉంది కదా."

ఆ మాట ఆయనకు చెంపదెబ్బలా తగిలింది. ఊరుకుంటే తన పేరు నిలుస్తుంది. ఆ పిల్ల రెండేళ్ల పని పోతుంది.

"లెక్క సరిగానే ఉండాదమ్మా. అంచు మీటరును తగ్గించి నేనే కెడిపినా," అని నోట్‌బుక్కు తెరిచాడు.

బోర్డు మీద ఆమె లెక్క 543. నోట్‌బుక్కులో 540. జరీనాకు కోపం వచ్చింది, కన్నీళ్లూ వచ్చాయి. చివరికి ఆ పేజీ ఫొటో ముగ్గురికీ పంపుతానంది. పైన అచ్చయిన ఆయన పేరు కనపడకుండా చేస్తానంది.

మునిరాజు తల అడ్డంగా ఊపాడు.

"వద్దమ్మా. పేరు లేకుంటే ఎవురు నమ్ముతారు?"