పసుపు బొట్టు కింద లక్ష రూపాయలు

నా చెయ్యి మంచిదని తాండూరు బజారు తీర్మానించేనాటికి నాకు ఆరేళ్లు. నిజాం రాజ్యం పోయి, యూనియన్ సైన్యం వచ్చి, భయానికి మూతపడ్డ దుకాణాలు మళ్లీ తెరిచిన రోజది. అమ్మ బెల్లం తెమ్మంటే అందరికన్నా ముందు నేనే వెళ్లి కిరాణా సేటు గడప ముందు నిలబడ్డాను. ఆ రోజు చీకటి పడేదాకా ఆ దుకాణంలో జనం విరగబడ్డారు. ఇళ్లల్లో ఉప్పూ పప్పూ నిండుకున్న రోజున ఎవరు బోణీ చేసినా అంతే గిరాకీ ఉండేది. సేటు మాత్రం ఆ మాట ఒప్పుకోలేదు. మర్నాడు తెల్లవారకముందే మా ఇంటికి మనిషిని పంపాడు. ఆ తర్వాత బట్టల దుకాణం, గాజుల దుకాణం, చివరికి వడ్రంగి కూడా నా చేతి బోణీ కోసం కబురు పెట్టేవాళ్లు. గిరాకీ లేని రోజు ఎవరికీ గుర్తుండదు కాబట్టి నా పేరు చెడలేదు.

మా నాన్న నాపరాతి బండల డిపోలో లెక్కలు రాసే మునీము. బంట్వారం దగ్గర మాకు భూములున్నాయని చెప్పుకునేవాళ్లం. వాన పడిన ఏడు అవి జొన్నలూ కందులూ ఇచ్చేవి, పడని ఏడు శిస్తు రసీదు ఇచ్చేవి. పేరు గొప్ప ఊరు దిబ్బ అంటారు కదా, మా భూముల గొప్ప అలాంటిదే. పెద్ద చదువుకి నన్ను వికారాబాదులో మేనమామ ఇంట్లో పెట్టారు. మామ తహసీలు కచేరీలో గుమాస్తా. నన్ను డాక్టర్ని చేయాలన్న ఆలోచన మొట్టమొదట పుట్టింది ఆయన బుర్రలోనే.

"చెయ్యి మంచిదైనోళ్లు డాక్టర్లు గావాలె. సూది గుచ్చినా నొప్పి పుట్టది" అనేవాడు.

"సదువు రావద్దా మరి?" అని నాన్న అడిగితే, "సదువుదేమున్నది బావా, బట్టీ కొడ్తె అదే వస్తది. చెయ్యి వస్తదా?" అని కొట్టిపారేసేవాడు.

ఎందుకు డాక్టరవుతావని ఎవరైనా నన్నడిగితే పేదల సేవకు అని చెప్పేదాన్ని. ఆ జవాబు విన్నవాళ్లు ముచ్చటపడి తల నిమిరేవాళ్లు. అసలు సంగతి వేరు. మా వాకిట్లో కాళ్లు బార్లా చాపుకుని చుట్ట తాగే ఊరి పటేలు, నేను జ్వరానికి మందు కోసం వెళ్లినప్పుడే ఒకసారి వికారాబాదు ఆస్పత్రిలో లేడీ డాక్టరు గదికొచ్చాడు. ఆమె తలెత్తి చూసింది, అంతే. ఆయన చుట్టని గోడకు నలిపి ఆర్పి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆ చుట్ట ఆరడం చూసి నేను డాక్టరు కావాలనుకున్నాను. అంతకు మించిన సేవాభావం నాలో అప్పటికి లేదు.

పట్నంలో పీయూసీ పూర్తిచేసి, వైద్య కళాశాలకు దరఖాస్తు పెట్టి, ఇంటర్వ్యూ పిలుపు కోసం తాండూరులో ఎదురుచూస్తున్న వేసవి అది. మామా నేనూ వికారాబాదు నుంచి తాండూరుకు వస్తుంటే రైల్లో ఒకాయన లాటరీ టికెట్లు అమ్ముతున్నాడు. పట్నంలో ఏదో ధర్మాసుపత్రి కట్టడానికట. మొదటి బహుమతి లక్ష. మామ కట్ట మొత్తం తీసుకుని నా ముందు విసనకర్రలా పరిచాడు.

"కండ్లు మూసుకొని ఒకటి గుంజు" అన్నాడు. నేను గుంజాను.

ఇంటికి రాగానే ఆ టికెట్టు అమ్మ చేతికి వెళ్లింది. మా ఇంట్లోకి కొత్త చేట వచ్చినా, కొత్త కుండ వచ్చినా, నా కొత్త పుస్తకాలొచ్చినా బొట్టు పెట్టకుండా లోపల పెట్టడం అమ్మ ఎరగదు. టికెట్టుకూ పెట్టింది. నూనెలో తడిపిన పసుపుతో నాలుగు మూలలా నాలుగు, నడుమ ఒకటి, వాటి మీద కుంకుమ. దేవుడి గూట్లో పెట్టి సాంబ్రాణి పొగ కూడా వేసింది.

ఫలితాలు పడ్డ పేపరు పట్టుకుని మామ వికారాబాదు నుంచి ఊపిరాడకుండా దిగాడు. టికెట్టు బయటికి తీశారు. పేపర్లో అంకెలు ఒక్కొక్కటీ చదువుతుంటే మా అంకెలు ఒక్కొక్కటీ కలుస్తూ వచ్చాయి. ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ నడిమి బొట్టు కింద ఉంది. చుట్టూ కొద్దిగా కనిపించేదాన్ని బట్టి అది మూడన్నా కావాలి, ఎనిమిదన్నా కావాలి. మూడైతే ఏమీ లేదు. ఎనిమిదైతే లక్ష.

"జర గుడ్డతోని తుడువు" అన్నాడు నాన్న.

అమ్మ టికెట్టును గుండెకు హత్తుకుంది. "పసుపు కుంకుమ తుడుస్తరా? అదీ దేవుని కాడ వెట్టింది. నేనుండంగ అసొంటి మాట ఎట్ల వచ్చింది మీ నోట?" అంది.

మగవాళ్లిద్దరూ తల దించుకున్నారు. ఆ మాట తర్వాత మా వైపు ఏ మగాడూ ఇంకేమీ అనలేడు. చివరికి మామే వాకిట్లోకి వెళ్లి టికెట్టుని ఎండకు పట్టి, ఒక కన్ను మూసి, "ఎనిమిదే. పొట్ట కనవడ్తలేదా?" అన్నాడు. బండ మందం కంటితో చూసి చెప్పగలిగే మా నాన్న కూడా కాసేపు చూసి, "ఎనిమిది లెక్కనే ఉన్నది" అన్నాడు. అలా ఇద్దరు సాక్షుల మధ్య మేం లక్షాధికారులమయ్యాం.

వెంటనే పట్నం పోయి ఆ డబ్బు తెచ్చుకోవచ్చు కదా అని మీకు తోచవచ్చు. మూఢం నడుస్తోంది. మూఢంలో ఇంటికి ముంత కూడా కొనని వాళ్లం లక్ష తెచ్చుకుంటామా? మూఢం వెళ్లేదాకా ఆగుదామన్నాడు నాన్న. ఈలోగా సంగతి ఎవరికీ చెప్పొద్దని కూడా అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడే మామ వీధిలో ఎవరికో చెబుతున్నాడు.

ఇక చూడాలి మా వైభవం. డిపోలో ఇన్నేళ్లూ బండల మీద కూర్చుని పని చేసిన నాన్నకు యజమాని కుర్చీ వేయించాడు. కిరాణా సేటు సరుకులు అడక్కుండానే పంపి, "పైసలకు ఫికర్ జెయ్యకుండ్రి" అని చెప్పించాడు. పదేళ్లుగా పలకరించని చుట్టాలు కర్ణాటక సరిహద్దు దాటి వచ్చి, సగం కన్నడంలో సగం తెలుగులో మా అమ్మ వంటని మెచ్చుకున్నారు. పటేలు వచ్చాడు. గడప దగ్గరే చుట్ట ఆర్పేశాడు.

దానితో నాకు చిక్కొచ్చి పడింది. నేను కోరుకున్నది ఎంబీబీఎస్ లేకుండానే జరిగిపోయింది. శవాలు కోయకుండా, రాత్రుళ్లు కళ్లు మండేలా చదవకుండా, ఇంట్లో కూర్చుంటే చుట్టలు ఆరుతున్నాయి. ఇంటర్వ్యూ కార్డు ఆ రోజుల్లోనే వచ్చింది. తారీఖు మూఢంలోనే పడింది.

"లక్ష రూపాయలున్నోళ్ల బిడ్డ ఒకళ్ల పుండ్లు కడుగుతదా?" అన్నాడు నాన్న.

"కావాలంటే మనమే డాక్టర్‌ను జీతానికి పెట్టుకుందాం" అన్నాడు మామ. నన్ను డాక్టర్ని చేస్తానన్న మామే.

"మూఢంల పోతె సీటచ్చినా అచ్చిరాదు" అంది అమ్మ.

నేను రిస్టువాచీ కొనుక్కోవాలా, ముందు రేడియో కొనాలా అన్న ఆలోచనలో ఉన్నాను. డాక్టరు చదువు డబ్బు లేనివాళ్ల బతుకుతెరువని, ఉన్నవాళ్లకు అది అనవసరపు ప్రయాస అని అప్పుడే నాకు జ్ఞానోదయమైంది. కార్డుని గూట్లో టికెట్టు పక్కన పెట్టి ఊరుకున్నాను.

ఇంటికొచ్చిన వాళ్లందరూ ఏదో ఒకటి అడిగారు. బావికని ఒకరు, ఎడ్లకని ఒకరు, ఉత్తినే ఒకరు. ఒకనాటి మధ్యాహ్నం పెరటి గుమ్మంలోకి మరొకామె వచ్చి కూర్చుంది. డిపోలో బండల ముక్కలు మోసే కూలీ. క్రైస్తవురాలు. మా ఇంటికి మజ్జిగకు వచ్చేది. నేను అత్తా అని పిలిచేదాన్ని. ఆమె కూతురు తాండూరు బడిలో నాతో చదువుకుంది. ఆ పిల్లకు చిన్నప్పుడే పెళ్లి చేసి బొంరాస్‌పేట పంపేశారు.

ఈమెకేం కావాలో అనుకుంటూ మజ్జిగ పోశాను. తాగలేదు.

"లాటరీ తగిలిందంట గద బిడ్డా. మంచిది" అంది. గ్లాసు పక్కన పెట్టి, "అయితే ఇగ నువ్వు డాక్టర్ సదవవా?" అంది.

"నాయిన వద్దంటున్నడు అత్తా."

ఆమె చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "నాకు ఈడ ఒక గడ్డ ఉన్నది" అని చంక కిందికి, రొమ్ము పక్కకి చెయ్యి పెట్టుకుంది. "ఏండ్ల సంది ఉన్నది. మొగ డాక్టర్‌కు సూపియ్యలేను. నువ్వు డాక్టరయినంక నీకు సూపియ్యాలని ఆపుకున్న. నీ చెయ్యి మంచిదంటరు."

"వికారాబాదుల లేడీ డాక్టర్ ఉన్నది గద. నేను తోలుకపోత."

"ఆ అమ్మ ముంగట నాకు నోరు రాదు బిడ్డా. నీ ముంగటనే సిగ్గనిపిస్తున్నది. పోనీ తియ్యి. మీకు దేవుడు ఇచ్చిండు" అని మజ్జిగ ఒక్క గుక్కలో తాగి, గ్లాసు కడిగి బోర్లించి వెళ్లింది.

నాకు కోపం వచ్చింది. ఊరందరూ డబ్బు అడుగుతుంటే ఈమె వచ్చి నా చదువు అడగడమేమిటని. లక్షలో ఆమెకు కొంత ఇచ్చేసి చేతులు కడుక్కోవచ్చనుకున్నాను. ఆమెకు కావలసింది అది కాదని తెలిసి ఇంకా చిరాకేసింది. తెల్లవారేసరికి నేను ఇంటర్వ్యూకి పోవాలని ఖాయం చేసుకున్నాను.

ఖాయం చేసుకుంటే సరిపోదు. అడ్డంగా మూఢం ఉంది. మామని పట్టుకున్నాను.

"మామా, మూఢంల శుభకార్యం జెయ్యొద్దు. టికెట్ ఊకె సూపిచ్చి వస్తె అది శుభకార్యమా?"

మామ కచేరీ బుర్ర వెంటనే పని చేసింది. "పైసలు తీసుకుంటెనే శుభం. సూపిచ్చుడు ఒట్టి విచారణ" అన్నాడు. ఆ లెక్కన ఇంటర్వ్యూ కూడా విచారణేనని, సీటు తీసుకుంటేనే శుభకార్యమని ఆయన చేతే అమ్మానాన్నలకు చెప్పించాను. ఇద్దరం పట్నం రైలెక్కాం.

పొద్దున ఇంటర్వ్యూ. బల్లకు అటువైపున్న పెద్దమనుషుల్లో ఒకాయన కళ్లద్దాలు తుడుచుకుంటూ, ఆడపిల్లలకు సీటిస్తే డబ్బున్న ఇంటికి కోడళ్లుగా పోయి చదువు గంగలో కలుపుతున్నారని, రేపు డబ్బొస్తే నువ్వూ అంతే కదా అని అడిగాడు.

"ఈ నిమిషానికి మేం లక్షాధికారులమేనండీ. లక్ష బయట మా మామ జేబులో ఉంది. అయినా వచ్చాను" అన్నాను.

వాళ్లు నవ్వారు. నేను హాస్యమాడాననుకున్నారు. ఆ నవ్వుతోనే నాకు సీటొచ్చిందని ఇప్పటికీ నా నమ్మకం.

మధ్యాహ్నం లాటరీ వాళ్ల కచేరీ. మామ టికెట్టుని రెండు చేతులా అందించాడు. అక్కడి గుమాస్తా దాన్ని చూసి ముఖం చిట్లించి, బొటనవేలు నాలుక మీద తడుపుకుని బొట్టు మీద ఒక్కసారి రుద్దాడు. కింద మూడు కనిపించింది. పొట్టా గిట్టా ఏమీ లేదు.

తిరుగు రైలు వికారాబాదు చేరింది. దిగేముందు మామ, "మూఢంల రావద్దని మీ అమ్మ అననే అన్నది" అన్నాడు. మేము రావడం వల్లే ఎనిమిది మూడైందని ఆయన చనిపోయేదాకా నమ్మాడు.

తాండూరులో నాన్న కుర్చీ డిపో లోపలికి వెళ్లిపోయింది. చుట్టాలు సరిహద్దు దాటి వెళ్లారు. పటేలు చుట్ట మళ్లీ వెలిగింది. సీటు వచ్చిందన్న ఉత్తరం చూసి నాన్న, "మేం మొదటి సంది డాక్టరే అనుకున్నం" అని అందరితో చెప్పాడు. అమ్మ ఉత్తరానికి బొట్టు పెట్టబోతే నేను లాక్కున్నాను.

తర్వాతి ఏళ్లు చదువుకే పోయాయి. సెలవులకొచ్చినప్పుడల్లా అత్త పెరట్లోకి వచ్చి, "అయిందా బిడ్డా?" అనేది. ఇంకా కాలేదు, ఇప్పటికి ఎముకలే నేర్చుకున్నాననేదాన్ని. పట్నం తీసుకుపోతాను, నాకు చదువు చెప్పే అమ్మలకు చూపిద్దామంటే వినేది కాదు. నేను హౌస్ సర్జన్‌గా ఉండగా ఇంటికొచ్చినప్పుడు, ఇప్పుడైందని నేనే కబురు పంపాను. స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది.

లోపలి గదిలో తలుపు వేసి చూశాను. చంక పక్కన, చర్మం కింద, రేగుపండంత గడ్డ. మెత్తగా ఉంది. వేలు పెడితే పక్కకి జరుగుతోంది. అటూ ఇటూ అంతా తడిమి చూశాను. ఇంకెక్కడా ఏమీ లేదు.

"కొవ్వు గడ్డ అత్తా. ఏం గాదు. మస్తు మందికి ఉంటది."

"సావనా?"

"దీంతోని సావవు."

ఆమె నవ్వుతుందనుకున్నాను. కనీసం ప్రభువుకు స్తోత్రం చెబుతుందనుకున్నాను. ఆమె రవిక ముడి వేసుకోవడం కూడా మరిచి, గోడ వైపు చూస్తూ కూర్చుండిపోయింది.

"ఇది కనవడ్డ ఏడే పిల్లను బడి మాన్పిచ్చిన" అంది చివరికి. "నేను సస్తె దానికి దిక్కెవలని దొరికిన సంబంధం జేసి తోలిన. గప్పటికి అది పెద్దమనిషి గూడ గాలే. లెక్కలల్ల నీ కంటె హుషారుండె."

నిజమే. మా బడిలో లెక్కల్లో ఆ పిల్లదే ముందు. నాకు ఏడుపొచ్చింది. ఆమెకు రాలేదు. కొంగు సర్దుకుని లేచి, నా చెయ్యి పట్టుకుని ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసింది.

"జర ముందుగల్ల డాక్టరైతే మంచిగుండు బిడ్డా" అని తలుపు తీసుకుని వెళ్లింది.