మా పియానోకు కాక పెట్టిన రోజు

ఆ రోజుల్లో నా మీద నాకున్నంత గౌరవం ఇంకెవరికీ ఉండేది కాదు. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. పాల్వంచలో మేముండే కంపెనీ కాలనీ మొత్తానికి పియానో వాయించేది నేనొక్కదాన్నే కాబట్టి, నన్ను మించినవాళ్ళు లేరన్న నమ్మకం ఏ పోటీ లేకుండానే కుదిరిపోయింది. (ఇంకొకరు ఉండి ఉంటే ఏమయ్యేదో ఊహించడానికి ఇప్పటికీ ధైర్యం చాలదు.) ఎవరో ఇంజనీరు గారు బదిలీ మీద వెళ్తూ కాలనీ క్లబ్బులో వదిలేసిన పాత పియానో అది. కాలనీ బయట చర్చిలో వాయించే టీచరమ్మ దాని మీదే నాకు పదేళ్ళపాటు పాఠం చెప్పింది. నాన్న షిఫ్టు దిగి నేరుగా క్లబ్బుకొచ్చి, అరుగు మీద కూర్చుని నా సాధన వినేవాడు. సగంలోనే నిద్రపోయేవాడు. దాన్ని కూడా నేను మెప్పు కిందే జమ వేసుకునేదాన్ని.

అలాంటి సమయంలో ఒక సంగీత కళాశాల వాళ్ళు, మీ ప్రాంతపు కళాకారులతో కలిసి వాయించిన రికార్డింగు ఒకటి పంపితే చేర్చుకునేదీ లేనిదీ చెబుతామని రాశారు. గడువు వారమే మిగిలింది. నాన్న కూడా తన గడువు తాను పెట్టాడు. "సీటొస్తే సంగీతం చదువుకో బిడ్డా, నేనడ్డం రాను. రాకపోతే మాత్రం మా ఆఫీసుల కంప్యూటర్ ముందట కూసునుడే. నేను మాట్లాడి పెట్టిన" అన్నాడు. సరేనన్నాను. సీటు రాదన్న అనుమానం ఉంటే కదా భయపడడానికి!

భద్రాచలం దాటాక అడవిలో ఒక పల్లె ఉంది. అక్కడ డోలు వాయించే పెద్దాయన్ని అందరిలాగే నేనూ డోలు తాత అనేదాన్ని. అంతకుముందే రెండుసార్లు వెళ్ళి, వాళ్ళ బడిలోని బల్ల మీద వేళ్ళు ఆడిస్తూ, నోటితో స్వరాలు పాడుతూ ఆయనతో తాళం లెక్క కుదుర్చుకుని వచ్చాను. తాతను పాల్వంచకు పిలిస్తే పనైపోయేది. కానీ నాకు అడవిలోనే రికార్డు చేయాలనిపించింది. అక్కడైతే వెనకాల అడవి కూడా వినిపిస్తుందట. (ఈ మాట నేను ఎన్నిసార్లు అన్నానో, ఎంత గంభీరంగా అన్నానో తలుచుకుంటే సిగ్గేస్తుంది.) క్లబ్బు వాళ్ళను బతిమాలి, పియానోను డీసీఎం వ్యానెక్కించాను. నిండు వానాకాలం, పైన కప్పిందేమో చిరుగుల టార్పాలిన్. బూర్గంపాడు దాకా తుంపర, గోదావరి వంతెన మీద జడివాన, ఆ తర్వాత అడవి పొడుగూతా ముసురు.

బడిలో దించి చూస్తే పియానో మెట్లు సగానికి సగం ఉబ్బి ఇరుక్కుపోయాయి. నొక్కితే దిగుతున్నాయి, మళ్ళీ లేవడం లేదు. హైదరాబాదు నుంచి మైకులతో వచ్చిన రికార్డింగ్ అన్న గడియారం చూసుకుని, "నాలుగున్నర బస్సుకు నేను పోవాలె చెల్లె. రేపు నాకు వేరే పని ఉంది" అన్నాడు. నా అదృష్టం కొద్దీ, ఖమ్మంలో హార్మోనియంలు బాగుచేసే చాచా ఆ రోజు ఎవరిదో పెట్టె మరమ్మతుకు భద్రాచలం వచ్చి ఉన్నాడు. క్లబ్బు పియానోకు శ్రుతి చేసేది కూడా ఆయనే. ఫోన్ చేస్తే, వచ్చి తీసుకుపొమ్మన్నాడు. వ్యానెక్కుతుంటే డోలు తాత దగ్గరికొచ్చి, "ఏమైంది బిడ్డా?" అని అడిగాడు.

"తడికి ఉబ్బింది తాతా. ఎండితే గానీ పలకదు."

"గంతేనా? మా డోలుకు గూడ గట్లనే అయితది. నువ్వు నిమ్మలంగ పోయి రా, మేం చూసుకుంటం."

నేను దాన్ని ఓదార్పనుకున్నాను.

చాచాను వెంటబెట్టుకుని వచ్చేసరికి బడి కిటికీల్లోంచి పొగ వస్తోంది. ఒక్క పరుగున లోపలికి వెళ్ళాను. పియానో కింది చెక్క తీసి జాగ్రత్తగా గోడకు ఆనించారు. రెండు మూకుళ్ళలో నిప్పులు పోసి, ఒకటి ముందు, ఒకటి వెనక, జానెడు దూరంలో పెట్టారు. పక్కనే ముందుజాగ్రత్తగా తడిపిన గోనెపట్టా. తాత ఒక అరచెయ్యి చెక్కకు ఆనించి, కళ్ళు మూసుకుని వేడి చూస్తున్నాడు. వానాకాలంలో డోలు తోలు వదులైతే కాక పెట్టి బిగించడం ఆయనకు పుట్టినప్పటినుంచీ తెలిసిన పని. డోలునైతే నిప్పుల ముందు తిప్పుతారు. ఇది తిప్పేందుకు లొంగలేదు గనక మూకుళ్ళనే జరుపుతున్నారట. నన్ను చూసి తాత సంబరంగా, "అయిపోయింది బిడ్డా, ఇంక జరసేపు" అన్నాడు.

నేను ఏమన్నానో మొత్తం రాయలేను. పాడు చేశారన్నాను, నా బతుకు మీద నిప్పులు పోశారన్నాను, ఏడ్చాను, కాలు నేలకేసి కొట్టాను. తాత మూకుళ్ళు తీయించి, తన డోలు తీసుకుని, వెళ్ళి వరండాలో కూర్చున్నాడు.

చాచా పియానో ముందు చేరి ఈ చివర నుంచి ఆ చివరకు మెట్లన్నీ నొక్కాడు. అన్నీ దిగుతున్నాయి, అన్నీ లేస్తున్నాయి. "అరే బేటీ, నాకంటె ముందుగాలనే ఎవరో మరమ్మతు చేసిన్రు గదా!" అన్నాడు. ఆ తర్వాత నాలుగు మెట్లు కలిపి నొక్కాడు. పియానో పెట్టిన కూతకు కిటికీలో కాకి లేచిపోయింది. మెట్లు బాగుపడ్డాయి గానీ తీగల శ్రుతి తలా ఒక దారి పట్టింది. చాచా గడ్డం గోక్కుని, "మొత్తం సరిచేసుడు ఇయ్యాల కాదు. నడుమ మూడు స్థాయిలు చేసిస్త. అటూ ఇటూ మాత్రం చెయ్యి పెట్టకు. ముందుగాల పోయి ఆ పెద్దమనిషికి సలాం చెయ్. మెట్లు లేవకపోతే నేనొచ్చి ఏం జేస్తుంటి?" అన్నాడు.

నేను తయారుచేసుకున్నదంతా ఈ చివర నుంచి ఆ చివరకు పరుగులే. నా వేళ్ళ వేగం చూసి కళాశాల వాళ్ళు నోరెళ్ళబెట్టాలని నా పథకం. మూడు స్థాయిల్లో పరిగెత్తడానికి చోటేదీ? ఆ దిగులుతోనే వరండాలోకి వెళ్ళాను.

"తాతా, తప్పయింది. నోటికొచ్చినట్టు అన్నాను."

"అన్నవ్ తీ. పెట్టె పలుకుతున్నదా?"

"పలుకుతున్నది."

"ఇంకేంది మరి? నడువ్."

చాచా శ్రుతి ముగించేసరికి మూడున్నర దాటింది. ఒక్కసారికే టైముందని రికార్డింగ్ అన్న చెప్పేశాడు. మొదలుపెట్టాం. పరుగులన్నీ వదిలేసి, ఉన్న మూడు స్థాయిల మీదే మెల్లగా వాయిస్తూ, చెయ్యి హద్దు దాటుతుందేమోనని చూసుకుంటూ, సరిగ్గా నడిమధ్యలో లెక్క తప్పాను. ఎక్కడున్నానో తెలియలేదు. చేతులు గాల్లో ఆగిపోయాయి. ఆఫీసు, కంప్యూటరు, కుర్చీ అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. డోలు కూడా ఆగింది. తాత నా వైపే చూస్తున్నాడు. చూరు నుంచి నీళ్ళు పడే చప్పుడు తప్ప ఏమీ లేదు. అప్పుడు డోలు మీద మెత్తగా ఒక్క దెబ్బ వేసి, ఇంకొకటి వేసి, తల ఊపాడు. నడక నేర్చే చిన్నబిడ్డకు వేలు అందించినట్టుగా అందించాడు. నేను అందుకున్నాను. ఆ తర్వాత చివరిదాకా తప్పలేదు. రికార్డింగ్ అన్న వైర్లు చుట్టుకుని బస్సుకు పరిగెత్తాడు.

సీటు వచ్చింది. వేగం గురించి ఒక్క ముక్క లేదు గానీ, మధ్యలో వదిలిన ఆ నిశ్శబ్దం వయసుకు మించిన పరిణతి అని ఉత్తరంలో రాశారు. నాన్న ఆ వాక్యాన్ని కాలనీలో కనబడ్డవాళ్ళందరికీ చదివి వినిపించాడు. తర్వాత ఎన్నో ఊళ్ళు తిరిగాను, వయొలిన్ వాళ్ళతో, గజల్ పాడేవాళ్ళతో, నాట్యం చేసేవాళ్ళతో కలిసి వాయించాను, చాలా రికార్డులు చేశాను. ఎక్కడికి పోయినా ఎవరో ఒకరు ఆ మొదటి రికార్డింగు విని, ఆ నిశ్శబ్దం ఆలోచన ఎలా వచ్చిందని అడుగుతారు. నేనూ ఏమాత్రం తడబడకుండా అరగంట చెబుతాను. (విన్నవాళ్ళు రాసుకుంటారు కూడా.)

మొన్న వానాకాలంలో ఆ పల్లెకు వెళ్ళాను. తాతకు చెవులు మందగించాయి. అయినా నన్ను గుర్తుపట్టాడు. ఫోన్‌లో ఆ రికార్డింగు పెట్టి చెవి దగ్గర పట్టుకున్నాను. కళ్ళు మూసుకుని వేళ్ళతో మోకాలి మీద లెక్క వేస్తూ విన్నాడు. ఆ చోటు రాగానే కళ్ళు తెరిచి, వేలు పైకెత్తాడు.

"ఈడ తప్పినవ్ బిడ్డా."

"అవ్ తాతా. తప్పిన."

"ఎవ్వలకన్న చెప్పినవా?"

"లేదు."

"నేను గూడ ఎవ్వలకు చెప్పలే" అన్నాడు తాత, మళ్ళీ కళ్ళు మూసుకుంటూ.