గొర్రెపిల్లకు జానెడు సందు

నా చిన్నప్పుడు ఆర్మూర్ శివారులో మా తాతయ్యకు గొర్రెలుండేవి. వాటిని మేపడానికి బీడు మాత్రం ఉండేది కాదు. ఎటు చూసినా పసుపు చేలు, మక్కజొన్న చేలే. అందుకే అవి ఏడాదంతా కొట్టంలోనే ఉండేవి. నరికిన మక్క సొప్ప, సుబాబుల్ రొట్ట, కాస్త తవుడు తొట్టిలో వేసేవాళ్లం. ఉన్ని లేని, పొట్టి వెంట్రుకల గొర్రెలు కావడంతో ఏది తింటోందో, ఏది పస్తుంటోందో డొక్క చూస్తేనే తెలిసిపోయేది.

అన్నిటికన్నా బక్కది ఒక కవల పిల్ల. తల్లి పాలు రెండింటికీ చాలేవి కావు. తొట్టి దగ్గరికి పోతే పెద్దవి కుమ్మేవి. అది వెనక్కి తగ్గి గోడ మూలన నిలబడేది. ఇంటికి చుట్టాలొస్తే తలుపు చాటుకు చేరే నాకు ఆ మూల బాగా తెలుసు.

“గిది దక్కది నాయినా. అంగడినాడు అమ్మనీకి తోలుకపోత,” అన్నాడు చిన్నాయన. అంగడికి పోయిన గొర్రెపిల్ల తిరిగి రాదని నాకు తెలుసు.

“జర ఆగురా. కడుపు నిండితే గదే లేస్తది,” అన్నాడు తాతయ్య.

ఆ పూటే ఆయన కొట్టంలో ఒక పక్కన వెదురు బొంగులు నిలువుగా పాతి దడి కట్టాడు. బొంగుకూ బొంగుకూ మధ్య జానెడు సందు. పిల్లలు దూరగలవు, పెద్ద గొర్రెలు దూరలేవు. లోపల మక్క పిండిలో పల్లి చెక్క కలిపి పెట్టి, లేత రొట్ట కట్టలను పిల్లల మూతికి అందేలా వేలాడదీశాడు. మిగతా పిల్లలు గబగబా దూరాయి. బక్కది మాత్రం తల్లిని విడిచి కదల్లేదు. నేను చేతిలోని కంకి పక్కన పెట్టి, మెడ పట్టి లాగితే కాళ్లు నిగడదన్ని అరిచింది.

“గుంజకు బిడ్డా. రా రా అని పిలువకు గూడ. నువ్వే లోపలికి పోయి కూసో. నీ కంకి నువ్వు తిను. దాని దిక్కు మాత్రం సూడకు,” అన్నాడు తాతయ్య.

“ఇద్దరు ఒక్కతీరే, మూల దొరికితే సాలు!” అని నవ్వాడు చిన్నాయన.

నేనూ అప్పుడు బక్కదాన్నే. పక్కకు తిరిగి సందులోంచి దూరి, గోడవైపు ముఖం పెట్టుకుని, కాల్చిన కంకి గింజలు ఒలుచుకు తింటూ కూర్చున్నాను. చాలాసేపు ఏమీ కాలేదు. చివరికి మోచేతికి వెచ్చని ఊపిరి తగిలింది. తిరిగి చూడాలని ప్రాణం కొట్టుకుంది, చూడలేదు. కాసేపటికి పక్కనే రొట్ట నములుతున్న చప్పుడు వినిపించింది.

అంగడినాడు పొద్దున్నే చిన్నాయన తాడు పట్టుకుని వచ్చాడు. బక్కపిల్ల దడి లోపల ఉంది, మూతినిండా పిండి.

“నీ దోస్తు బతికిపోయింది తియ్,” అని తాడు కొయ్యకు తగిలించాడు.

ఇప్పటికీ నలుగురిలో నాకు మాట పెగలదు. అయినా పెళ్లి భోజనాల దగ్గర ఏ చిన్నపిల్లయినా తోపులాటకు బెదిరి దూరంగా కూర్చుంటే, రమ్మని పిలవను. రెండు పళ్లాలు పట్టుకెళ్లి, ఒకటి మా ఇద్దరి మధ్య కుర్చీలో పెట్టి, ఎటో చూస్తూ నాది తింటాను.