ఫ్రాన్సు తాత నది... మా నాన్న గోడ

మా చిన్నప్పుడు... ఆదివారం ప్రార్థనలో అందరూ కళ్లు మూసుకుంటే, నేను మాత్రం ఒక కన్ను ఓరగా తెరిచి ఎదురుగా గోడ మీది నదిని చూసుకునేదాన్ని. అది మా నాన్న వేసిన నది మరి... చూసుకోనా?

హనుమకొండ చౌరస్తా నుంచి సుబేదారి దాకా సగం దుకాణాల బోర్డులు మా నాన్న చేతివే. అక్షరాలు ముత్యాల్లా రాసేవాడు. అందుకే 'బోర్డుల దేవయ్య' అనేవాళ్లు. ఆర్టిస్టు అని మాత్రం ఎవరూ అనలేదు. పైకి నవ్వేసేవాడు గానీ, అది ఆయనకు లోపల గుచ్చుకునేదని అమ్మకు తెలుసు, నాకూ తెలుసు.

డెబ్బైల చివర్లో మా వీధి చర్చిలో బాప్తిస్మం తొట్టి కట్టారు... నడుము లోతు నీళ్లు, దిగడానికి మెట్లు. దాని వెనక గోడ మీద యొర్దాను నది వేయమని సంఘ పెద్దలు నాన్నను అడిగారు. సరేనని వచ్చాడు గానీ, యొర్దాను ఎలా ఉంటుందో మాలో ఎవరు చూశారు?

అప్పుడు అమ్మ ట్రంకు పెట్టెలోంచి ఒక పాత క్యాలెండరు తీసింది. అమ్మ దవాఖానలో ఆయాగా చేసేది, అక్కడి విదేశీ నర్సమ్మ వెళ్లిపోతూ ఇచ్చిందట. పన్నెండు నెలలకు పన్నెండు బొమ్మలు... అన్నీ ఏటి ఒడ్డులే. మంచు పట్టిన చెట్లు, వెండి రంగు నీళ్లు, ఒక పడవ. అన్నీ ఒక్కాయన వేసినవే. ఆయన వందేళ్ల కిందటి ఫ్రాన్సు దేశపు చిత్రకారుడని, ఎండాకాలమంతా ఏటి గట్ల వెంట తిరిగి, చలికాలం ఇంట్లో కూర్చుని వేసేవాడని ఒక కాలేజీ సారు చదివి చెప్పాడు. పేరు మా నోట పలకలేదు... మాకు ఆయన 'ఫ్రాన్సు తాత' అయిపోయాడు.

నాన్న రోజూ పొద్దున చాయ్ తాగుతూ ఆ బొమ్మలే చూసేవాడు. వారం తర్వాత నన్ను పిలిచి చూపించాడు... ప్రతి బొమ్మలో ఎక్కడో ఒకచోట గోరంత ఎరుపు. ఎవరి తల మీది టోపీయో, భుజం మీది గుడ్డో.

"గిది వేలుతోని మూసి సూడు బిడ్డా" అన్నాడు. మూశాను. అంత పెద్ద నదీ చప్పబడిపోయింది.

జూన్ నెల బొమ్మ మీద పెన్సిల్‌తో గళ్లు గీశాడు, గోడ మీదా గళ్లు కొట్టాడు... గడికి గడి చొప్పున మూడు వారాలు పట్టింది. అంతా అచ్చు దిగింది, ఒక్కటి తప్ప. ఫ్రాన్సు తాత బొమ్మలో ఎర్ర టోపీ ఆమె గట్టు మీద ఊరికే కూర్చుని ఉంటుంది. నాన్న గోడ మీద ఆమె పిక్కల లోతు నీళ్లలో దిగి, ఎర్ర రవికతో, వంగి బట్టలు పిండుతోంది. ఎందుకు మార్చావని అమ్మ అడిగింది.

"ఏటికాడ ఊకె కూసున్న ఆడమనిషిని నేనెన్నడు సూడలే... సూడనిది ఎట్ల ఏస్త?" అన్నాడు.

పెద్దలకు కోపమొచ్చింది. ప్రభువు బాప్తిస్మం పొందిన నదిలో బట్టలుతకడమేమిటని. వాళ్లలో ముఖ్యుడు, రిటైరైన హెడ్మాస్టరు సారు, ఆమెను తుడిచేయమన్నారు. ఎన్నడూ ఎవరికీ ఎదురు చెప్పని మా నాన్న, తల వంచుకునే, తన చేతులతో తుడవనన్నాడు. అయితే ఆదివారం బాప్తిస్మాలు కానిచ్చి సోమవారం తామే సున్నం కొట్టిస్తామన్నారు. బోర్డులు రాసేవాణ్ని బొమ్మ వేయమంటే ఇంతేనని వెనక నుంచి ఎవరో నవ్వారు కూడా. ఆ రెండు రోజులు నాన్నకు అన్నం సయించలేదు.

ఆదివారం నెక్కొండ వైపు నుంచి ప్యాసింజరులో కొందరు బాప్తిస్మానికి వచ్చారు. అందులో ఒక అవ్వ... జన్మంతా నాట్లు వేసి నడుము వంగిన మనిషి. తొట్టి దగ్గరికొచ్చి ఆగిపోయింది. మడిలో నీళ్లు మోకాలు దాటవు కదా... నడుము లోతు నీళ్లలో ఆమె ఎన్నడూ దిగలేదు. పాస్టరు గారు చెయ్యి చాపినా కదలదు. పాట ఆగింది. అవ్వ తలెత్తి గోడను చూసింది... చాలాసేపు చూసింది.

"ఆ పిల్ల దిగింది గద... నేను గూడ దిగుత" అంది.

మెట్టు మెట్టుకూ ఆ ఎర్ర రవికనే చూస్తూ దిగింది. నాన్న వైపు తిరిగి చూశాను, కండువాతో కళ్లు ఒత్తుకుంటున్నాడు. నాకైతే ఆయన మా నాన్న అని ఆ చర్చి అంతా వినపడేలా అరవాలనిపించింది.

సోమవారం సున్నం రాలేదు. హెడ్మాస్టరు సారే మా ఇంటికి వచ్చారు. చాయ్ తాగి, లేస్తూ లేస్తూ నాన్న భుజం మీద చెయ్యి వేశారు.

"ఆ ఎరుపు ఎలిసిపోకుండ జర సూస్కో, ఆర్టిస్టూ" అన్నారు.

అప్పటి నుంచి ప్రతి క్రిస్మస్ ముందు నాన్న బ్రష్షు పట్టుకెళ్లి ఆ రవిక ఒక్కటీ కొత్తగా వేసి వచ్చేవాడు.

ఇప్పుడు చర్చి పెద్దదైంది... ఆ గోడ లేదు, నాన్నా లేడు. గళ్లు గీసిన ఆ జూన్ నెల కాగితాన్ని ఫ్రేము కట్టించి మా హాల్లో పెట్టుకున్నాను. వచ్చినవాళ్లు ఫ్రాన్సు తాతను మెచ్చుకుంటారు... నేను మా నాన్న పెన్సిల్ గళ్లు చూపిస్తాను.

మీ ఊళ్లోనూ ఇలా ఎవరో చేత్తో వేసిన గోడ బొమ్మ ఉండే ఉంటుంది... గుర్తుంటే కింద రాయండి, వేసినవాళ్ల పేరుతో సహా.

మొన్న క్రిస్మస్‌కు ఆ చర్చికి వెళ్లాను. కొత్త తొట్టి వెనక పెద్ద ఫ్లెక్సీ... అసలు యొర్దాను ఫోటోనే. నది చాలా బాగుంది... అందులో దిగిన మనిషే లేదు.