తన టెలిగ్రాం తానే తెచ్చిన బాలయ్య

1962 ఎండాకాలం. మహబూబ్‌నగర్‌లో ఒక వకీలు దగ్గర నేను గుమాస్తాగా చేరి అప్పటికి ఆరేళ్లు. వకీలు సాబ్ ఇంటి వరండాయే మా ఆఫీసు. ఒక బల్ల, ఒక టైపు మిషను, గోడవారగా కక్షిదారులకు ఒక బెంచీ. అర్జీలు రాయడం, వచ్చినవాళ్ల ఏడ్పులు విని అందులోంచి అసలు సంగతి ఏరుకోవడం నా పని. ఏరుకోవడంలో నన్ను మించినవాడు లేడని నాకు కొంచెం పొగరు కూడా ఉండేది.

ఒక పొద్దున అచ్చంపేట వైపు నుంచి ఒక గొర్రెల కాపరి వచ్చాడు. ముప్పయ్యేళ్లుంటాయి. వెంట ఒక పడుచు ఆడమనిషి. తలగుడ్డ మడతలోంచి టెలిగ్రాం తీసి ఇచ్చాడు. బాలయ్య భార్య పేరున నేపాల్‌లోని ఒక దవాఖాన పంపింది. మట్టిపనికి వచ్చిన బాలయ్య కాలికి దెబ్బ తగిలి చీము పట్టింది, స్పృహ లేదు, ఫిట్స్ వస్తున్నాయి, విషం తలకెక్కినట్టుంది, కాలు తీసేయాలి, భార్య కన్సెంట్ వెంటనే పంపండి అని ఉంది. కన్సెంట్ అంటే ఆపరేషన్‌కు ఒప్పుకుంటున్నామని రోగి తాలూకు వాళ్లిచ్చే మాట.

చదివి చెప్పి, "బాలయ్య నీకేమైతడు?" అని అడిగాను.

"నేనే బాలయ్యను సారు," అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. పొద్దున్నే నాతో పరాచికాలా అని టెలిగ్రాం బల్ల మీద పడేశాను. అతను తడుముకుంటూ చెప్పిన సంగతి ఇది. దూరాలకు మట్టిపనికి మనుషులను తీసుకుపోయే మేస్త్రీ ముందే కాగితం మీద వేలిముద్రలు వేయించుకుంటాడు. బాలయ్య వేశాడు. లారీ వచ్చిన రోజుకు చలిజ్వరంతో మంచం పట్టాడు. మాట తప్పడం నామోషీ కదా, అతని బదులు తమ్ముడు యాదయ్య లారీ ఎక్కాడు. మేస్త్రీకి తలల లెక్క సరిపోయింది, పేరు ఎవరూ మార్చలేదు. ఆ లారీలో వాళ్ల ఊరివాళ్లు ఇంకెవరూ లేరు. అట్లా పరాయి దేశంలో యాదయ్య కాస్తా బాలయ్య అయ్యాడు. ఇందులో మోసముందని అన్నదమ్ములిద్దరికీ తోచనేలేదు. వెంట వచ్చిన ఆడమనిషి యాదయ్య భార్య సాయమ్మ.

నిజం బయటపడితే దొంగపేరు పెట్టుకున్నాడని తమ్ముణ్ణి అక్కడే జైల్లో వేస్తారేమోనని బాలయ్య భయం.

"మా ఆడామె పేరు మీదనే రాయుండ్రి సారు. పానం దక్కినంక పేరు సంగతి సూసుకుందం."

నాకూ అదే సబబనిపించింది. వకీలు సాబ్ లోపల పూజలో ఉన్నారు. ఆయన వచ్చేలోపు జవాబు రాసి పెడదామని కాగితం తీశాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గాని, రెండు లైన్లు రాశాను కూడా.

అప్పటిదాకా నోరు విప్పని సాయమ్మ బల్ల దగ్గరికి వచ్చింది.

"ఆయన సచ్చిపోతే, సచ్చింది మా బావ అని కాయితమొస్తది. అప్పుడు నేను ఎవలి కోసం ఏడ్వాలె సారు?"

తలుపు దగ్గర నిలబడి అంతా విన్న వకీలు సాబ్ నా ముందున్న కాగితం తీసుకుని చించేశారు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. మేజిస్ట్రేట్ ముందు ప్రమాణం చేసి ఇచ్చే కాగితాన్ని అఫిడవిట్ అంటారు, అక్కడున్నది యాదయ్యేనని అది తయారు చేయమన్నారు. సారాంశం ముందు టెలిగ్రాంలో పోవాలి, కాగితం వెనక పోస్టులో. జైలు ఫికర్ పెట్టుకోవద్దని, అక్కడ మట్టిపని చేయించే కాంట్రాక్టరుకు తానే రాస్తానని బాలయ్యకు ధైర్యం చెప్పారు.

అఫిడవిట్‌లో ఐడెంటిఫికేషన్ మార్క్స్ రాయాలి, అంటే మనిషిని గుర్తుపట్టే మచ్చలు. ఏదో ఒక పుట్టుమచ్చ రాసి ముందుకు పోవడం నా అలవాటు. ఎడమ చేతి మీద జానెడు కాలిన మచ్చ ఉందని సాయమ్మ చెప్పింది. అంత మచ్చ ఎట్లయిందని ఊరికే అడిగాను. ఆమె బావ మొహం చూసింది. చిన్నప్పుడు పొయ్యిలో పడ్డాడని బాలయ్య గొణిగాడు. ఎట్లా పడ్డాడని సాబ్ అడిగారు. అతను సాబ్ దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు.

"మూర్ఛ వచ్చేది సాబ్. పెండ్లయినంక రాలే. బయట చెప్పకుండ్రి, ఎవలు పనికి పిలువరు."

సాబ్ కుర్చీలోంచి లేచారు. టెలిగ్రాం మళ్లీ చదివారు. ఫిట్స్ చూసే కదా అక్కడి డాక్టరు కాలు తీయబోతున్నది. ఇది పాత జబ్బే జ్వరంతో తిరగబెట్టిందేమో. ఆ సంగతి ఆ దేశంలో ఒక్కరికీ తెలియదు, కూడా ఉన్న కూలీలకూ తెలియదు. అసలు పేరు, మచ్చ, మూర్ఛ మూడూ టెలిగ్రాంలో మొదటే పెట్టించారు. చివర, డాక్టరు ఏది అవసరమనుకుంటే దానికి భార్య సాయమ్మ ఒప్పుకుంటోందని రాయించారు. ఆమెకు చదివి వినిపించాను.

"కాలు తీసినా సరే, మనిషిని తోలియ్యుమని రాయుండ్రి," అంది.

టెలిగ్రాం ఇచ్చాక మూడు రోజులు వాళ్లిద్దరూ మా వరండాలోనే ఉన్నారు. సాబ్ ఇంట్లోంచి వచ్చిన అన్నం సాయమ్మ ముట్టలేదు. నా రెండు లైన్లు గనక పోయి ఉంటే ఈపాటికి కాలు తీసేసేవారన్న ఆలోచనతో నాకూ తిండి సహించలేదు.

నాలుగో రోజు జవాబు వచ్చింది. మూర్ఛకు మందు ఇస్తే ఫిట్స్ ఆగాయి. పుండులో చీము తీశారు, తగ్గుతోంది. కాలు తీయనక్కర్లేదు. రోగికి స్పృహ వచ్చింది గాని, తన పేరు బాలయ్య అనే అంటున్నాడు.

ఆ చివరి మాట చదవగానే సాయమ్మ నవ్వింది. నవ్వుతూనే కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. నా గుండెల మీంచి బండ దిగినట్టయింది. కాంట్రాక్టరు కూడా పేరు దిద్దించి ఊరుకున్నాడు.

మూడు నెలలకు యాదయ్య యాదగిరిగుట్టకు పోయి తలనీలాలిచ్చి, అటునుంచి సాయమ్మతో మా ఆఫీసుకు వచ్చాడు. కొంచెం కుంటుతున్నాడు గాని రెండు కాళ్ల మీదే మెట్లెక్కాడు. పేరేమిటని ఆటపట్టించాను. పెళ్లాం వంక ఒకసారి చూసి, "యాదయ్యనే సారు, రాసుకోండ్రి," అన్నాడు.

ఆ తర్వాత ఎన్ని అఫిడవిట్లు రాశానో లెక్క లేదు. మచ్చ ఎక్కడుందో రాసుకుని మాత్రం ఎన్నడూ ఊరుకోలేదు. ఎట్లయిందని అడిగి, చెప్పేదాకా కలం కింద పెట్టి కూర్చునేవాణ్ణి.