లోపట ఒక్కటి సుత ఉండొద్దు

అరచెయ్యంత నల్ల డబ్బ. వైరు గుచ్చే కాడ, మూత అతికిన సందుల, కింద అంటిచ్చిన చీటీ అంచులకు, అంతట పసుపే. వేల్పూర్ పసుపు, మా అమ్మమ్మ ఊరిది, దంచి ఎన్నేండ్లైందో ఏమో గని ముక్కు కాడికి తెస్తె ఇప్పటికీ ఘాటు తగుల్తది. నిజామాబాద్ ల నా ఆన్‌లైన్ సెంటర్ బల్ల మీద, ప్రింటర్ పక్కన పెట్టుకున్న. ఫారాలు నింపిచ్చుకోనీకి వచ్చినోళ్లు "ఇదేందక్కా, పసుపు డబ్బనా" అని అడుగుతరు. కాదు, హార్డ్ డిస్కు. మేము చిన్నప్పుడు ఆడిన వీడియో గేములన్నీ దీంట్లనే ఉండె. చిన్నప్పటి ముచ్చట్లు చెప్పేటోళ్లు కండ్లల్ల నీళ్లు పెట్టుకుంటరు. నాకైతె పండ్లు కొరుకుడొస్తది, ముందే చెప్తున్న.

మా ఇల్లు బోధన్ ల, టౌన్ దాటి పొలాలు మొదలయ్యే కాడ. చలికాలమొస్తె తెల్లారకముందే చెరుకు ట్రాక్టర్లు వరుస కట్టి గర్రు గర్రుమనుకుంట మా ఇంటి ముందలికెల్లి పోతుండె, రాలిన చెరుకాకు రోడ్డంత పరుసుకుంటుండె, రసం కాగే తియ్యటి కమురు వాసన దుప్పట్లకు, బడి బట్టలకు, ఆఖరికి అన్నంకు సుత పడుతుండె. ట్రాక్టర్ మెల్లగైన కాడ మేం ఎనుకకెల్లి ఉరికి గడలు గుంజుకుంటుంటిమి, డ్రైవర్లు తిట్టుకుంటనే పోతుండిరి గని ఎవ్వరూ బండి ఆపి దిగకపోయేది. గానుగ కాడికి పోతె మోదుగాకుల ఉడుకుడుకు బెల్లం పెడుదురు, అది నాలికెను కాల్చినా ఉమ్మబుద్ధి కాదు, నోరు తెరిచి ఊదుకుంట ఊదుకుంట మింగుడే. నువ్వుల ముద్దలు, పల్లి పట్టీలు, రసం పోసి వండిన పాసెం, ఏది తిన్నా చేతులు బంకబంక.

గింత తీపి ఉన్న ఇంట్ల చీమలుండకుంట ఎట్లుంటయ్. మా అవ్వ, అంటె మమ్ముల కన్న తల్లి, చక్కెర డబ్బను నీళ్ల పళ్లెంల పెట్టేది, మంచం కోళ్ల కింద గిన్నెలు పెట్టేది, గడపకు, అల్మారికి, బియ్యం గుమ్మికి పసుపు గీతలు గీసేది. "ఇల్లు మనదా చీమలదా" అని రోజు ఒక్కసారన్న అనేది. చీమలు ఆమె గీసిన గీత పక్కపొంటి నిమ్మలంగ తిరిగి, ఇంకో సందు చూసుకుని వచ్చేటియి.

టీవీకి పెట్టి ఆడే గేమ్ డబ్బ మా ఇంటికి ఎట్లొచ్చిందంటె, మా పక్కింటి యూసుఫ్ భాయ్ మస్కట్ నించి తెచ్చుకున్నది, ఆయన పిల్లలకు మోజు తీరినంక మా నరేషన్నకు ఇచ్చిండు. అన్న నాకంటె నాలుగేండ్లు పెద్ద. డబ్బ వచ్చిన నెలకే అండ్ల సీడీ చదివే కన్ను పోయింది, ఏ సీడీ పెట్టినా గిర్రున తిరిగి ఆగేది. నిజామాబాద్ ల ఒక దుకాణమాయన చూసి, సీడీ అక్కర లేకుంట బయటి హార్డ్ డిస్కు కెల్లి ఆటలు నడిచేటట్టు చేసిచ్చిండు. ఇగ అన్న మా దగ్గరున్న సీడీలన్నీ బ్యాగుల ఏసుకుని బోధన్ ల కంప్యూటర్ సెంటర్ కు పోయి, ఒక్కొక్క దాన్ని డిస్కులకు ఎక్కిచ్చుకొచ్చేది. ఒక్క సీడీకి ఒక పొద్దుమీకంత పట్టేది. గీతలు పడ్డ సీడీ అయితె సగంల ఆగేది, మల్ల మొదటి నించి. ఆటలే కాదు, ఆటల మేము ఏడిదాంక వచ్చినమో ఆ గుర్తులు సుత ఆ డిస్కులనే ఉండేటియి. అన్న దాన్ని తువ్వాల్ల చుట్టి దాసుకునేది.

ఆడుడు వంతులేసుకుని. గడియారం చూస్తె లొల్లైతుందని మేం చెరుకుతోని కొలుస్తుంటిమి. నా వంతుల అన్న ఒక గడ పట్టుకుని కూసునేది, ఆ గడ నమిలి పిప్పి ఉమ్మిందాంక రిమోటు నాది. ఆయన వంతుల నేను నమిలేది. ఎంత న్యాయం చూడుండ్రి. ఆయన దవడలు గట్టియి, లావుగడ సుత కరకర నమిలి పారేసేటోడు. నాకేమో పాల పండ్లు ఊడుతున్న వయసు, ఒక్క గణుపు కొరికెతందుకే పానం పోయేది, అందుకే ఆయన వంతు ఎంతసేపటికీ ఒడవకపోయేది. అవ్వకు చెప్తె "గట్టిగ కొరుకు" అన్నది. గంతే న్యాయం మా ఇంట్ల.

అన్నయి కార్ల ఆటలు, గుద్దులాటలు. నాది ఒక్కటే, పొలం చేసే ఆట. రాళ్లేరాలె, దున్నాలె, ఇత్తనమెయ్యాలె, నీళ్లు పోయాలె, వాన పడితె ఊకోవాలె. బర్రెలు లేవు గని ఆవున్నది. పొలానికి పేరు పెట్టమంటె నా పేరే పెట్టిన, సుజాత అని ఇంగ్లీషుల ఒక్కొక్క అక్షరం ఎతికి కొట్టిన. బాపు పట్టా పుస్తకంల నా పేరెన్నడు లేకుండె, ఇప్పుడు సుత లేదు. ఆ టీవీల మాత్రం రోజు పొద్దుగాల లేస్తె "సుజాత పొలం" అని వచ్చేది. అండ్ల ఏం రాసుందో తెల్వాలని ఇంగ్లీషు మాటలు కూడబలుక్కుని చదువుకున్న, బడిల టీచర్ నేర్పింది దానిల సగం సుత ఉండదు.

మా అవ్వ ఆ ఆట కాడికి వచ్చి చేరింది. మొదట్ల కంది పప్పు ఏరుకుంట దూరం కెల్లి చూసేది. ఒకనాడు ఉండబట్టక "ఏమే, దున్నకుంట ఇత్తనమేస్తరా ఎవలన్న" అన్నది. ఇగ ఆనాటి సంది నా వంతు వస్తె చాలు, చేతులు కొంగుకు తుడుసుకుంట వచ్చి నా పక్కన కూసునేది. ఆవుకు గౌరి అని పేరు పెట్టింది ఆమెనే. ఆట బందు చేసి బడికి పోతుంటె ఎనుకకెల్లి "గౌరికి గడ్డేసినవా" అని అడిగేది. గౌరికి దూడ పుట్టేతందుకు ఇంకో పది దినాలే ఉండె ఆ ఆటల, అవ్వ ఏళ్ల మీద లెక్క పెట్టుకునేది. పగలంత పసుపు చేన్ల, చెరుకు తోటల నడుమొంచి చేసిన మనిషి, మల్ల వచ్చి టీవీల పొలానికి నీళ్లు పెట్టిచ్చేది, ఏం సంబురమో ఆమెకు. అవ్వ నాతోని గంతసేపు కూసున్నది గా ఆట కాడనే.

చెరుకు నమిలిన చేతులతోనే ఆడితిమి, ఆ చేతులతోనే డిస్కును పట్టుకుంటిమి, ఇగ చీమలకు ఏం కావాలె. ఒకనాడు పొద్దుగాల చూస్తె డిస్కు సందులకెల్లి ఎర్రచీమలు బారు కట్టి పోతున్నయ్, వస్తున్నయ్. అవ్వ కొంగు నోట్ల కుక్కుకున్నది. "లోపట గుడ్లు పెట్టినయేమో, మొత్తం తినేస్తయ్" అన్నది. బాపు ఆనాడు మక్కలు అమ్మే పనుండి నిజామాబాద్ పోతున్నడు. "నేను సాఫ్ చేపిచ్చుకొస్త తియ్యి" అని డిస్కును సంచిల ఏసుకున్నడు. అన్న అప్పటికే బడికి పోయిండు, ఉంటె ఇయ్యనే ఇయ్యకపోయేది.

పొద్దుమీకి బాపు వచ్చి డిస్కును టీవీ పక్కన పెట్టి, "చీమలు పోయినయ్" అని కాళ్లు కడుక్కుంటందుకు పెరట్లకు పోయిండు. నేను సంబురంగ వైరు గుచ్చి డబ్బ చాలు చేసిన. కార్లు లేవు, గుద్దులాటలు లేవు, సుజాత పొలం లేదు. తీసి మల్ల గుచ్చిన. రిమోటుకున్న బొత్తాలన్నీ ఒత్తిన. గంతల అన్న బడికెల్లి వచ్చిండు. నా చేతుల రిమోటు, టీవీల నల్లగ ఏం లేదు. "ఏం ఒత్తినవే" అని గావుకేక పెట్టి, సంచి పారేసి, కిందపడి కాళ్లు కొట్టుకుంట ఏడ్సిండు. అవ్వ వంటింట్లకెల్లి ఉరికొచ్చింది. "గౌరి" అన్నది. నేను ఏం ఒత్తలేదని చెప్తనే ఉన్న. అవ్వ చేతుల గంటె ఉండె, దాంతోనే నా ఈపు మీద కొట్టింది. అంతకుముందు ఎన్నడు కొట్టలే, ఆ తర్వాత సుత ఎన్నడు కొట్టలే. బాపు తువ్వాలతోని మొకం తుడుసుకుంట గడపల నిలవడి చూస్తున్నడు. నేను ఆయన దిక్కే చూసిన, ఎందుకంటె నన్ను ఇడిపిచ్చేది ఎప్పుడూ ఆయననే. ఏమనలే. పెరట్లకు తిరిగి పోయిండు.

ఆనాటి సంది మా ఇంట్ల ఒక మాట పుట్టింది, "సుజాత చెయ్యి". మిక్సీ ఆగితె సుజాత చెయ్యి పడ్డదా అందురు. మోటర్ కాలితె, ఫోన్ ల చార్జింగ్ ఎక్కకుంటె, ఇస్త్రీ పెట్టె ఉడుకెక్కకుంటె, నేను ఊళ్లె లేకున్నా సరే, సుజాత చెయ్యే. చుట్టాలు సుత నేర్చుకున్నరు. పెండ్లిళ్లల్ల నన్ను చూసి ఫోన్లు జేబుల పెట్టుకుని నవ్వుదురు. ఇంటర్ అయినంక కంప్యూటర్ల చదువుకు పోత అంటె బాపు ఏమన్నడో తెలుసా. "దానికి మిషిన్లు పడయి, బీఏ చదువుకోనీయుండ్రి" అన్నడు. ఆయన నోటితోనే అన్నడు. నేనే బయట నేర్చుకున్న, ఒక జిరాక్స్ దుకాణంల పనికి కుదిరి, అండ్ల చెయ్యి తిరిగినంక సొంతంగ సెంటర్ పెట్టుకున్న. ఇప్పుడు జక్రాన్‌పల్లి నించి, చందూర్ నించి రైతులు వచ్చి, "అక్క చెయ్యి పడితెనే పనైతది" అని నా కాడనే కూసుంటరు. ఆ మాట ఇన్నప్పుడల్లా నా ఈపు మీద గంటె దెబ్బ చిటుక్కుమంటది.

అవ్వ పోయి ఏడాది నిండినంక, మొన్న నరేషన్న ఇంట్ల ఆమె సందుగ తీసినం. బాపు ఇప్పుడు అన్న కాడనే నిజామాబాద్ ల ఉంటున్నడు. చీరెల అడుగున, పాత జాకిటి గుడ్డల చుట్టి, పసుపు పోసి ముడేసిన మూట ఒకటి దొరికింది. ఇప్పి చూస్తె ఈ డబ్బ. చీమలు పట్టకుంట పెట్టింది అవ్వ. అండ్ల ఏం లేదని ఆమెకు ఎర్కనే, అయినా పెట్టుకున్నది. గౌరి అండ్ల యాడనో ఉన్నదనుకున్నదో ఏమో.

బాపు డబ్బను చూసి నవ్వుడు మొదలుపెట్టిండు. కడుపు పట్టుకుని నవ్వి, అందర్నీ పిలిచి చెప్పిండు. "నేను దుకాణపోనికి ఏమన్ననో ఎర్కనా? లోపటంత సాఫ్ చెయ్యి భాయ్, ఒక్కటి సుత ఉండొద్దు అన్న. చీమలను అన్న నేను. బస్సు కుదుపులకు చీమలేమో తొవ్వలనే దిగిపోయినయ్, ఆయనకు ఒక్కటి కనవడలే. ఆటలన్నీ సాఫ్ చేసిండు." మా దిక్కు సాఫ్ అంటె ఊడ్సుడు, తుడుసుడు, కడుగుడు. కంప్యూటర్ దుకాణంల సాఫ్ అంటె ఒక్కటే. ఆయన పాపం బాపు చెప్పిందే చేసి, మల్ల ఆ మాట మీద సంతకం లెక్క చీటీ సుత అంటిచ్చిండు. తిప్పి చూసిన, పసుపు కింద అక్షరాలు ఇంకా ఉన్నయ్: "పూరా సాఫ్". అందరు పడిపడి నవ్విన్రు. అన్న సుత నవ్విండు.

నేను అడిగిన, "నీకెప్పుడు తెల్సింది బాపూ?"

"గా పొద్దుమీకే సమజైంది బిడ్డా, మీరు లొల్లి పెట్టినప్పుడే. నరేష్ గాడు ఇల్లు పీకుతడని ఊకున్న. చిన్నముచ్చట, గిప్పుడెందుకు?"

పదమూడేండ్ల కొడుకు ఏడుపుకు భయపడి, తొమ్మిదేండ్ల బిడ్డ ఈపును గంటెకు ఒప్పజెప్పిండు మా బాపు. తర్వాత ఇన్నేండ్లు ఆ అబద్ధం మీద కూసుని, నాకు మిషిన్లు పడయని నలుగుట్ల చెప్పిండు. మాట తెల్వక చేసిన తప్పును నేనేమంట, ఎవ్వరమూ ఏమనం. తెల్సినంక మూసుకున్న నోరుంది చూడు, దాన్ని ఇడిసిపెట్ట.

గప్పుడే అన్న బిడ్డ మన్విత, రెండో తరగతి పోరి, వచ్చి డబ్బ మీద చెయ్యేసింది. వదిన అలవాటుగ, "ముట్టకే, అత్త చెయ్యి అయితది" అన్నది. నాకు ఎక్కడలేని కోపమొచ్చింది. పోరిని ఒళ్లె కూసోబెట్టుకుని, డబ్బను దాని రెండు చేతుల పెట్టి, "బాపూ, దీనికి చెప్పు. నవ్వకుంట చెప్పు" అన్న. బాపు కిందికి చూసుకుంట, "మీ అత్త ఏం చెయ్యలే బిడ్డా. సాఫ్ చేపిచ్చింది నేను" అన్నడు.

పోరి డబ్బను చేతులల్ల తిప్పి తిప్పి చూసింది. "మరి నాయనమ్మకు చెప్పినవా తాతా?" అని అడిగింది.

ఈసారి తిరిగి పోనీకి బాపుకు పెరడు లేదు, రెండో అంతస్తు ఇల్లాయె. తువ్వాలతోని మొకం తుడుసుకుంట ఆడనే కూసున్నడు. అవ్వ నేను తప్పు చేసిననుకునే పోయింది. ఇంకెవలు చెప్పినా ఆమెకు ఇనవడదు.

మా బోధన్ బజార్ల ఇప్పుడు చలికాలమొచ్చినా చెరుకు ట్రాక్టర్లు వరుస కట్టవు. మా చెరుకు తోటల వరి ఏస్తున్నరు. గానుగ కాడ మోదుగాకుల బెల్లం పెట్టేటోళ్లు లేరు, గడ నమిలి వంతు కొలిచే పిల్లలు లేరు, వాళ్ల వంతు ఎవల ఫోన్ ల వాళ్లకే. మా అన్న ఇంట్ల చీమలు సుత లేవు, మందు కొడ్తరు. డబ్బను మొన్న నా కంప్యూటర్ కు గుచ్చి చూసిన, ఇంకా నడుస్తున్నది, లోపట ఒక్కటి సుత లేదు. మా సెంటర్ ల పనిచేసే అమ్మాయి, "మీదంత పసుపుందక్కా, సాఫ్ చెయ్యాల్నా" అని తడిబట్ట పట్టుకొచ్చింది.

"ముట్టకు" అన్న.