శాలిబండలో ఫట్‌ఫటి హారన్ ధర

తాతల నాటి నుంచి మాది పాల వ్యాపారం. నాకు బర్రెల మీద కోపమేమీ లేదు గానీ, ఫట్‌ఫటి మీద ప్రాణం. మోటారు సైకిలును మా వైపు అందరూ అలాగే అనేవారు. సందు మలుపు తిరగకముందే చప్పుడు విని అది ఎవరి బండో చెప్పేవాణ్ని. రెండో ప్రపంచ యుద్ధం ఇంకా మొదలుకాని ఆ రోజుల్లో బాపును కాళ్లావేళ్లా పడి బతిమాలి శాలిబండలో చిన్న దుకాణం పెట్టాను. సైకిలు సామాను ఎక్కువ, ఫట్‌ఫటి సామాను కొంచెం.

"ఆరు నెలలు జూస్త బిడ్డా. నడ్వకుంటే మల్ల బర్రెలకాడికే రావాలె" అన్నాడు బాపు. అప్పటిదాకా రోజూ పొద్దున్నే పాలు పిండి, ఆ తరువాతే దుకాణం తెరవాలన్నది షరతు.

మా ఎదురుగా ఒక ముసలాయన అదే సామాను అమ్మేవాడు. ఆయన్ని చాచా అని పిలిచేవాణ్ని. పురానాపూల్ దగ్గర ఇంకో దుకాణం ఉండేది. నొక్కితే భోంయ్‌మనే రబ్బరు హారన్ మూడు చోట్లా ఆరు రూపాయలే. దీపం అద్దానికీ, తోలు సంచీకీ కూడా ఎక్కడ కొన్నా ఒకటే ధర. నాకు ఒళ్లు మండింది. అందరిదీ ఒకే ధరైతే పాతవాళ్లను వదిలి కొత్తవాడి గడప ఎవడు తొక్కుతాడు? హారన్ మీద ఆఠాణా, అంటే అర్ధరూపాయి, తగ్గించి, పలక మీద సుద్దతో రాసి వాకిట్లో వేలాడదీశాను. ఊరంతా నా దుకాణానికే ఎగబడుతుందనుకున్నాను.

మొదట వచ్చింది ఫట్‌ఫటి మీద తిరిగే ఒక గుత్తేదారు. హారన్ నాలుగుసార్లు నొక్కాడు, వాసన కూడా చూశాడు.

"గిది అసల్ మాలేనా?"

"అసల్‌దే సాబ్."

"మరి ఆఠాణా తక్వ ఎందుకున్నది?"

నేను పలక వైపు వేలు చూపించాను. ఆయన రోడ్డు దాటి చాచా దగ్గర అదే హారన్ ఆరు రూపాయలకు కొని, దాన్నే మోగించుకుంటూ నా ముందు నుంచి వెళ్లిపోయాడు.

అంతటితో పోలేదు. మా బజారులో ఒక రివాజు ఉండేది. మన దగ్గర లేని వస్తువు గిరాకీకి వచ్చినవాడు అడిగితే పక్క దుకాణం నుంచి చేబదులు తెచ్చి ఇచ్చేవాళ్లం. సరుకు వచ్చాక మళ్లీ వస్తువే తిరిగి ఇచ్చేవాళ్లం. పలక కట్టిన వారానికి ఒకాయన దీపం అద్దం అడిగాడు. నా దగ్గర అయిపోయింది. చాచా దగ్గరికి పరుగెత్తాను.

"లేదు బేటా" అన్నాడు. ఆయన నెత్తి మీదే రెండు అద్దాలు వేలాడుతున్నాయి. నేను వాటిని చూశాను, నేను చూడటం ఆయనా చూశాడు. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

మర్నాడు పాలు పిండిన వెంటనే కొట్లాటకే వెళ్లాను. "అద్దాలు వెట్టుకొని లేవంటవా చాచా?"

ఆయన తన చాయ్‌లో సగం సాసర్‌లో పోసి నా వైపు జరిపాడు. "కూసో. మన ముగ్గురికి మాల్ ఇచ్చేది ఒక్కడే సేఠు, ఒక్కటే రేటు. నువ్వు ఆఠాణా తగ్గిస్తే నేను తగ్గిస్త, నన్ను జూసి పురానాపూల్ భాయ్ తగ్గిస్తడు. మల్ల ముగ్గురిది ఒక్కటే ధర అయితది. గప్పుడు మనం ఏం తినాలె? ఈ తరఫు ఫట్‌ఫటీలు చేతి ఏళ్ల మీద లెక్కవెట్టొచ్చు. ధర సస్త జేస్తే గవి మీ బర్రెల లెక్క ఈన్తయా?"

అంత కోపంలోనూ నవ్వొచ్చింది. "మరి నా కాడికి ఎవరొస్తరు చాచా?"

"కొసరుకు ఒస్తరు. నా కండ్లు సరిగ కానరావు, నట్టు బిగియ్యలేను. నీ చేతిల పనితనం ఉన్నది. ఫికర్ ఎందుకు?"

పలక తుడిచేశాను. కూరగాయలమ్మి పిడికెడు కొత్తిమీర వేసినట్టు, హారన్ కొన్నవాడికి దాన్ని నేనే బిగించి, వదులైన నట్లన్నీ చూసి, ప్లగ్గు తుడిచి పంపడం మొదలుపెట్టాను. ధర ఆరు రూపాయలే. మెల్లగా నలుగురూ రాసాగారు. నాకు ఆ పని ఎంత ఇష్టమంటే, డబ్బు ఇవ్వకపోయినా చేసేవాణ్నేమో.

ఆరో నెల చివర బాపు వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. ఖర్మ కాలి సరిగ్గా అప్పుడే ఒకాయన ముందు దీపం కావాలన్నాడు. నా దగ్గర లేదు. బాపు ముందు లేదని ఎలా చెప్పను? ఆ మాట చెవిన పడిందేమో, నేను లేచేలోపే ఎదురుగా ఉన్న చాచా చెప్పులీడ్చుకుంటూ రోడ్డు దాటి వచ్చి, కొత్త దీపం ఒకటి నా ముందు పెట్టాడు.

"నీ మాల్ నా కాడ్నే మర్శిపొయినవ్ బేటా."

నేను ఆయన దగ్గర ఏదీ మరిచిపోలేదు. ఆ సంగతి బాపుకూ అర్థమైనట్టుంది. చాచా తిరిగి రోడ్డు దాటేదాకా ఆయన్నే చూస్తూ కూర్చున్నాడు. నేను వంచిన తల ఎత్తకుండా దీపం బిగించడం మొదలుపెట్టాను, కళ్లు తడిసి నట్టు సరిగా కనిపించలేదు. బాపు లేచి రుమాలు చుట్టుకున్నాడు.

"రేపటి సంది పాలు పిండనీకి రాకు. దుకాణం జల్ది తెరువు" అన్నాడు.